ఎందుకైనా మంచిదనే గంట

విమానం ఉదయం ఎనిమిదింటికి. విమానాశ్రయం కారులో గంట దూరం. రెండు గంటల ముందు అక్కడ ఉండాలి కాబట్టి ఐదింటికి బయలుదేరితే సరిపోతుంది. లెక్క ఇంతే. కానీ మన ఇళ్ళలో లెక్క ఎప్పుడూ ఇక్కడితో ఆగదు. "ఎందుకైనా మంచిది, నాలుగింటికే బయటపడదాం" అని పెద్దవాళ్ళెవరో అంటారు. ఎవరూ కాదనరు. మా అమ్మయితే ఆ నాలుగింటిని ఇంకో పావుగంట ముందుకు జరిపేది. దారిలో టైరు పంక్చరయితే? ఏ లారీయో అడ్డంగా ఆగిపోతే? చివరికి ఏమీ జరగదు. రోడ్డు ఖాళీగా ఉంటుంది. టెర్మినల్లో ఇనుప కుర్చీల మీద కూర్చుని, ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర తింటూ, ఇంకా రెండున్నర గంటలుందని గడియారం చూసుకుంటాం.

చిన్నప్పుడు నాకు అది అనవసరపు కంగారుగా కనిపించేది. సంభావ్యత గురించి చదువుకున్నాక తెలిసింది, అమ్మ చేసేది సరైన లెక్కేనని. విమానానికి వెళ్ళేవాళ్ళకు సగటు ప్రయాణ సమయంతో పనిలేదు. సగటున గంట పడుతుందంటే, గంటకు మించి పట్టే రోజులు కూడా బోలెడన్ని ఉంటాయని అర్థం. ఆఫీసుకు పది నిమిషాలు ఆలస్యమైతే పది నిమిషాల నష్టం. విమానానికి పది నిమిషాలు ఆలస్యమైతే ప్రయాణమే పోతుంది. అందుకని ఇక్కడ చూడాల్సింది సగటును కాదు, ఆ సగటుకు అటూ ఇటూ సమయం ఎంత చెదురుతుందో దాన్ని. గణితంలో దీన్ని విచలనం అంటారు. మన భాషలో "ఎందుకైనా మంచిది" అంటాం.

ఉదాహరణకు కొన్ని అంకెలు అనుకుందాం. రోడ్డు మీద సగటున 60 నిమిషాలు పడుతుంది. కానీ ఇరవై రోజుల్లో ఒక రోజు 105 నిమిషాలు దాటుతుంది. రైలు సగటున 70 నిమిషాలు తీసుకుంటుంది. ఇరవై రోజుల్లో ఒక రోజు మాత్రమే 80 దాటుతుంది. విమానం తప్పిపోయే ప్రమాదాన్ని ఇరవైలో ఒకటికి మించనివ్వకూడదని మీరు అనుకుంటే, కారులో వెళ్ళేవాళ్ళు 105 నిమిషాల ముందు లేవాలి, రైల్లో వెళ్ళేవాళ్ళు 80 నిమిషాల ముందు లేస్తే చాలు. సగటున పది నిమిషాలు నెమ్మదైన బండి పాతిక నిమిషాలు ఎక్కువ నిద్రపోనిస్తుందన్నమాట. విమానాశ్రయం దగ్గర రైలు స్టేషన్ కట్టినప్పుడల్లా ప్రకటనల్లో వేగం గురించే చెబుతారు. నా దృష్టిలో ఆ స్టేషన్ ఇచ్చే అసలైన సరుకు వేగం కాదు, భరోసా. ఆ భరోసా దేనితో తయారవుతుందో, ఎక్కడ చిల్లుపడి కారిపోతుందో చూడడానికి ఇంగ్లండులోని గాట్విక్ కంటే మంచి చోటు నాకు తెలియదు.

లండన్ నుంచి దక్షిణాన సముద్రతీరంలో ఉన్న బ్రైటన్‌కు వెళ్ళే రైలు మార్గాన్ని సదరన్ రైల్వే కంపెనీ విద్యుదీకరించింది. 1933 జనవరి 1 నుంచి బ్రైటన్ దాకా విద్యుత్ రైళ్ళు నడిచాయి. పట్టాల పక్కన వేసిన మూడో పట్టా నుంచి కరెంటు తీసుకునే రైళ్ళవి. అదే కాలంలో ఆ లైను పక్కన, ఒక గుర్రప్పందేల మైదానానికి ఆనుకుని, గాట్విక్ అనే చిన్న విమాన మైదానం ఉండేది. దాన్ని కొన్న మోరిస్ జాకమన్‌కు ఒక ఆలోచన వచ్చింది: రైలు పక్కనుంచే పోతోంది కదా, దాన్ని ఆపితే?

ఈ ఆలోచనను చిన్నదిగా చూడకూడదు. విమానాశ్రయం దాకా కొత్తగా లైను వేయడం ఒకటి, పోతున్న లైను మీద ఒక స్టేషన్ కట్టడం ఇంకొకటి. మొదటిదానికి ఏళ్ళూ కోట్లూ కావాలి. రెండోదానికి ప్లాట్‌ఫారాలు కావాలి, రైల్వేవాళ్ళ ఒప్పుకోలు కావాలి. ఆ ఒప్పుకోలే కష్టం. ప్రతి అదనపు ఆగుడూ మిగతా ప్రయాణికులందరి సమయాన్నీ తింటుంది. ఎంత తింటుంది? గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోతున్న రైలు 40 సెకన్లలో నిలిచిందనుకోండి. ఆ 40 సెకన్లలో దాని సగటు వేగం సగమే కాబట్టి, ఆగకుండా పోయి ఉంటే ఆ దూరం 20 సెకన్లలో దాటేది. నష్టం 20 సెకన్లు. మళ్ళీ 100 అందుకోవడానికి 56 సెకన్లు పడితే నష్టం ఇంకో 28. స్టేషన్‌లో నిలిచింది ఒక నిమిషం. మొత్తం 108 సెకన్లు, రెండు నిమిషాల లోపు. ఆవిరి ఇంజను అయితే వేగం అందుకోవడానికే మూడు నిమిషాలు తీసుకుంటుంది. అక్కడే ఒకటిన్నర నిమిషం పోతుంది. విద్యుత్ మోటారు నిలిచిన చోటు నుంచే బలంగా లాగుతుంది. లోకల్ రైలు అడుగడుగునా ఆగినా ఆలస్యం భరించదగ్గదిగా ఉండడానికి కారణం ఇదే. విద్యుదీకరణ జరిగిన రెండేళ్ళకే గాట్విక్ పక్కన కొత్త స్టేషన్ వెలిసింది.

1935 సెప్టెంబరులో ఆ స్టేషన్ టిన్స్లీ గ్రీన్ అనే పేరుతో తెరుచుకుంది. మరుసటి సంవత్సరం జూన్‌లో గాట్విక్ ఎయిర్‌పోర్ట్ అని పేరు మార్చారు. దాని ప్లాట్‌ఫారం నుంచి భూమి కింద ఒక సబ్‌వే మొదలై, వంద మీటర్ల పైచిలుకు నడిచాక, నేరుగా టెర్మినల్ భవనంలో తేలేది. ప్రయాణికుడి తల మీద ఒక్క వాన చుక్క పడదు. 1936 మే 17న ఇక్కడి నుంచి పారిస్‌కు మొదటి షెడ్యూలు విమానం ఎగిరింది. టికెట్టు 4 పౌండ్ల 5 షిల్లింగులు. లండన్ విక్టోరియా స్టేషన్ నుంచి గాట్విక్‌కు ఫస్ట్‌క్లాస్ రైలు టికెట్టు ఆ డబ్బులోనే కలిసి ఉండేది. రైలూ విమానమూ కలిసి ఒకే ప్రయాణం అన్న భావనను 1936లోనే ఒక టికెట్టు ముక్కలో పెట్టేశారు. ఈ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా నాకు ఆశ్చర్యం పోదు.

ఆ టెర్మినల్ గుండ్రటి భవనం. అందుకే దాన్ని బీహైవ్, అంటే తేనెపట్టు అని పిలిచారు. వాస్తుశిల్పి ఫ్రాంక్ హోర్. గుండ్రని ఆకారం ముచ్చట కోసం పెట్టింది కాదు. పొడవాటి భవనంలో నడిమధ్య నుంచి చివరి తలుపుకు నడక ఎక్కువ. వృత్తంలో కేంద్రం నుంచి ప్రతి తలుపూ సమాన దూరం. విమానాల సంగతి మరోలా ఉంటుంది: వాటికి రెక్కలు చాచుకునే చోటు కావాలి. వృత్తం నుంచి బయటికి జరిగేకొద్దీ చుట్టుకొలత పెరుగుతుంది. మనుషులు లోపల ఇరుకులో దగ్గరగా, విమానాలు వెలుపల విశాలంగా ఉండొచ్చు. అలా ఒకేసారి ఆరు విమానాలు ఆ భవనం చుట్టూ నిలిచేవి. భవనంలోంచి కాన్వాసు కప్పిన దారులు పట్టాల మీద దూరదర్శిని గొట్టంలా బయటికి సాగి విమానం దాకా వెళ్ళేవి. ఈ రోజు ఏరోబ్రిడ్జి అని మనం పిలిచేదానికి అవి తాతలు. రైలు దిగిన చోటు నుంచి విమానం మెట్ల దాకా ఆకాశం కనపడని దారి.

ఆ ఏర్పాటు ఎక్కువ కాలం నిలవలేదు. తప్పు రైలుదీ కాదు, భవనానిదీ కాదు. నేల చిత్తడిది. వానలు పడితే మైదానం బురదయ్యేది. 1937లో ప్రధాన విమాన సంస్థ అక్కడి నుంచి వెళ్ళిపోయింది. తర్వాత యుద్ధం వచ్చింది. కానీ ఆలోచన మిగిలింది. 1950లలో లండన్‌కు రెండో పెద్ద విమానాశ్రయం కావాలనుకున్నప్పుడు గాట్విక్‌నే ఎంచుకుని, కాంక్రీటు రన్‌వే వేసి, పాత గుర్రప్పందేల స్టేషన్ ఉన్న చోట కొత్త రైలు స్టేషన్‌నూ దాని పక్కనే కొత్త టెర్మినల్‌నూ కట్టారు. 1958 జూన్ 9న ఎలిజబెత్ రాణి ప్రారంభించింది. విమానం, రైలు, రోడ్డు మూడూ ఒకే చోట కలిసేలా మొదటి గీత నుంచే గీసిన విమానాశ్రయంగా దానికి పేరొచ్చింది. పాత టిన్స్లీ గ్రీన్ స్టేషన్‌ను మూసేశారు.

ఇక భరోసా దేనితో తయారవుతుందన్న ప్రశ్నకు వద్దాం. మొదటి ముడిసరుకు, రైళ్ళ మధ్య ఎడం. పావుగంటకొక రైలుంటే, టైముటేబుల్ చూడకుండా స్టేషన్‌కు వచ్చినవాళ్ళు సగటున ఏడున్నర నిమిషాలు ఆగాలి. ఇది అందరికీ తట్టే లెక్కే. కానీ గంటకు నాలుగు రైళ్ళే నడుస్తున్నా, వాటి మధ్య ఎడాలు 5 నిమిషాలు, 25 నిమిషాలు, మళ్ళీ 5, మళ్ళీ 25గా ఉంటే? రైళ్ళ సంఖ్య మారలేదు. సగటు ఎడం పావుగంటే. అయినా ఎదురుచూపు పెరుగుతుంది. మీరు ఎప్పుడో ఒకప్పుడు స్టేషన్‌లో అడుగుపెడతారు; ఆ క్షణం పెద్ద ఎడంలో పడే అవకాశమే ఎక్కువ, ఎందుకంటే గంటలో 50 నిమిషాలు పెద్ద ఎడాలవే. ఆరింట ఐదు వంతులు మీరు అక్కడే చిక్కి సగటున పన్నెండున్నర నిమిషాలు నిలబడతారు. ఆరింట ఒక వంతు మాత్రం రెండున్నర నిమిషాల్లో బయటపడతారు. కలిపితే దాదాపు 11 నిమిషాలు. "నేను వచ్చినప్పుడే బస్సు రాదు" అని మనమంతా అనుకుంటాం. అది దురదృష్టం కాదు, గణితం.

లోకల్ మార్గం మీద కూర్చున్న విమానాశ్రయ స్టేషన్‌కు ఇక్కడ పెద్ద లాభముంది. విమాన ప్రయాణికుల కోసమే నడిపే రైలు, ఆ ప్రయాణికులు ఉన్నంతవరకే నడుస్తుంది. గాట్విక్ గుండా పోయే రైళ్ళు బ్రైటన్ గుమాస్తా కోసం, దారిలోని క్రాయిడన్ విద్యార్థి కోసం, సముద్రపు ఒడ్డుకు సెలవు గడపడానికి వెళ్ళే కుటుంబం కోసం ఎలాగూ నడవాలి. వాళ్ళందరి అవసరం కలిసి రైళ్ళను దగ్గర దగ్గరగా నడిపిస్తుంది. విమానం ఎక్కేవాళ్ళు ఆ ప్రవాహంలో చేయి కలుపుతారు.

రెండో ముడిసరుకు చివరి వంద మీటర్లు. భరోసా చిల్లుపడేది ఎక్కువగా ఇక్కడే. రైలు నలభై కిలోమీటర్లు సరిగ్గా తెచ్చి, చివరి మూడు కిలోమీటర్లకు బస్సు ఎక్కమంటే, మళ్ళీ రోడ్డు విచలనం మొత్తం తిరిగొస్తుంది. పైగా కొత్తగా ఒక ఎదురుచూపు, పెట్టెలు దించి ఎక్కించే శ్రమ కలుస్తాయి. బెంగళూరు కెంపెగౌడ విమానాశ్రయం దగ్గర 2021 జనవరిలో ఒక హాల్ట్ స్టేషన్ మొదలైంది. టెర్మినల్ అక్కడికి కొన్ని కిలోమీటర్ల దూరం కావడంతో మధ్యలో బస్సు తప్పలేదు. మన శంషాబాదుకు దగ్గరగా ఉమ్దానగర్ స్టేషన్ ఉంది. అక్కడి ప్లాట్‌ఫారానికీ టెర్మినల్‌కూ మధ్య ఉన్నదీ రోడ్డే. పటం మీద చూస్తే రెండూ విమానాశ్రయానికి దగ్గరే. పెట్టె పట్టుకున్నవాళ్ళకు మాత్రం ఆ దగ్గరితనం దూరంగానే ఉంటుంది.

ఆ చివరి వంద మీటర్లను తర్వాత అతికించాలంటే ఎంత ఖర్చవుతుందో లండన్‌లోని మరో విమానాశ్రయం హీత్రో చెబుతుంది. అక్కడ నడుస్తున్న టెర్మినళ్ళ కింద, లండన్ బంకమట్టిలో, నగరంలోని పాడింగ్టన్ స్టేషన్ నుంచి వచ్చే రైలు కోసం సొరంగాలు తవ్వారు. మట్టి తవ్విన వెంటనే గోడకు కాంక్రీటు చిమ్మి, చుట్టూ ఉన్న నేల చేతే కొంత బరువు మోయించే పద్ధతది. ఈ పద్ధతిలో కాంక్రీటు వలయం అడుగు భాగం కూడా త్వరగా, గట్టిగా మూసుకోవాలి. గుండ్రటి కుండకు అడుగు పగిలితే పైభాగం ఎంత మందమున్నా నిలవదు కదా. 1994 అక్టోబరు 21 తెల్లవారుజామున అవే సొరంగాలు కూలడం మొదలుపెట్టాయి. విమానాశ్రయం నడిబొడ్డున నేల కుంగి, పైనున్న ఆఫీసు భవనం ఒరిగింది. పనివాళ్ళు ముందే బయటికి రావడంతో ఒక్క ప్రాణం కూడా పోలేదు. నేల కదులుతోందని కొలతలు ముందునుంచే చెబుతున్నాయనీ, అడుగు భాగం పని నాసిగా జరిగిందనీ విచారణలో తేలింది.

కూలినదాన్ని సరిచేస్తుండగా, 1998 జనవరి నుంచి మే దాకా రైలును టెర్మినళ్ళకు ఇవతల తాత్కాలికంగా కట్టిన హీత్రో జంక్షన్ స్టేషన్‌లో ఆపి, అక్కడి నుంచి బస్సుల్లో పంపారు. జూన్ 23న రైలు అధికారికంగా టెర్మినళ్ళ కిందికి వచ్చింది. తాత్కాలిక స్టేషన్ అప్పటికే మూతపడింది. ఆ నెలల్లో అక్కడ బస్సెక్కినవాళ్ళకు చివరి కిలోమీటర్ల బరువేమిటో తెలిసే ఉంటుంది.

సరే, స్టేషన్ టెర్మినల్‌కు అతుక్కుంది. పని అయిపోయిందా? లేదు. ఇంకా ఎస్కలేటర్ ఉంది. దాని మెట్టు లోతు సుమారు 40 సెంటీమీటర్లు, వేగం సెకనుకు అర మీటరు. అంటే నిమిషానికి 75 మెట్లు పైకి పోతాయి. మెట్టుకు ఇద్దరు చొప్పున నిలబడితే 150 మంది. ఆఫీసుకు వెళ్ళే జనం అలాగే ఎక్కుతారనుకుందాం. విమానానికి వెళ్ళే మనిషి వెనకాల పెట్టె ఉంటుంది. అది కింది మెట్టును ఆక్రమిస్తుంది. పక్కన ఎవరూ నిలబడలేరు. రెండు మెట్లకు ఒకరు, నిమిషానికి 37 మంది. ఒక రైలు 300 మంది విమాన ప్రయాణికుల్ని దించిందనుకోండి. పెట్టెలు లేకపోతే ఒక ఎస్కలేటర్ వాళ్ళను రెండు నిమిషాల్లో పైకి చేర్చేది. పెట్టెలతో ఎనిమిది నిమిషాలు పడుతుంది. ఈలోగా ఐదో నిమిషంలో తర్వాతి రైలు వచ్చింది. ప్లాట్‌ఫారం మీద ఇంకా వంద మందికి పైగా ఉన్నారు. కొత్తగా వచ్చినవాళ్ళకు కాలు పెట్టే చోటు లేదు, తలుపులు మూసుకోవు, రైలు కదలదు. దాని వెనక రైలు సిగ్నల్ దగ్గర ఆగుతుంది. ఇందాక 108 సెకన్లు అని లెక్కకట్టిన నష్టం ఇప్పుడు మూడు నిమిషాలు, నాలుగు నిమిషాలు అవుతుంది. దానికి మూల్యం చెల్లించేది విమానంతో సంబంధమే లేని బ్రైటన్ గుమాస్తా.

గాట్విక్‌లో సరిగ్గా ఈ ఇబ్బందే ముదిరింది. ఇరుకు ప్లాట్‌ఫారాలు, చాలని ఎస్కలేటర్లు ఆ లైను మొత్తానికీ ఆలస్యాలు తెచ్చిపెట్టాయి. దాదాపు 25 కోట్ల పౌండ్ల ఖర్చుతో ప్లాట్‌ఫారాలు వెడల్పు చేసి, కొత్త హాలు కట్టి, ఎస్కలేటర్లూ లిఫ్టులూ పెంచిన స్టేషన్ 2023 నవంబరులో సిద్ధమైంది. ఇది కొత్త రైళ్ళ కోసం పెట్టిన ఖర్చు కాదు. మనుషులు పెట్టెలతో సహా తొందరగా పైకెక్కే దారి వేశారు. నాకు ఈ ఖర్చు చాలా సబబుగా అనిపిస్తుంది.

ఇంతవరకూ విమానం ఎక్కేవాళ్ళ గురించే మాట్లాడాను. కానీ ఈ స్టేషన్లను రోజూ వాడేది వాళ్ళు కాదు. పెద్ద విమానాశ్రయంలో పదుల వేల మంది పనిచేస్తారు: సామాన్లు మోసేవాళ్ళు, నేల తుడిచేవాళ్ళు, భద్రతా తనిఖీ చేసేవాళ్ళు, కాఫీ కాచేవాళ్ళు. ఏడాదికి 250 రోజులు పనికి వచ్చేవాళ్ళు 500 సార్లు స్టేషన్ దాటుతారు. ఏడాదికోసారి ఊరికి పోయి వచ్చే విమాన ప్రయాణికులు దాటేది రెండే సార్లు. స్టేషన్ గేటు లెక్కలో ఒక ఉద్యోగి 250 మంది ప్రయాణికులకు సమానం. వాళ్ళకు కావాల్సినవి మెరిసే ప్రత్యేక రైళ్ళు కావు. తెల్లవారుజామున నాలుగింటి డ్యూటీకి అందే మొదటి బండి, అర్ధరాత్రి డ్యూటీ దిగాక దొరికే చివరి బండి, జీతానికి బరువు కాని సీజన్ టికెట్టు. ఇవి ఇవ్వగలిగింది లోకల్ రైలే.

గాట్విక్ కథ చదువుతున్నంతసేపూ నాకు మద్రాసు గుర్తొస్తూనే ఉంది. బ్రైటన్ లైను కంటే ముందే, 1931లో, మద్రాసు బీచ్ నుంచి తాంబరం దాకా మీటర్ గేజి మీద విద్యుత్ లోకళ్ళు నడిచాయి. ఆ లైను పక్కనే మీనంబాక్కం విమానాశ్రయం పెరిగి పెద్దదైంది. ఇప్పుడు విమానాశ్రయానికి ఎదురుగా, జి.ఎస్.టి. రోడ్డుకు అవతల తిరుశూలం స్టేషన్ ఉంది. రోడ్డు కింద సబ్‌వే. అక్కడ కూడా పోతున్న రైలును ఆపారు, దారి కింద నుంచి నడక వేశారు. 2016 నుంచి మెట్రో స్టేషన్ టెర్మినళ్ళ పక్కకే వచ్చింది కాబట్టి పెట్టెలున్నవాళ్ళు అటు మొగ్గుతున్నారు.

మన సూళ్ళూరుపేట నుంచి గల్ఫుకు బయలుదేరే మనిషిని ఊహించుకోండి. ఊళ్ళోనే చెన్నై లోకల్ ఎక్కుతాడు. ఎనభై కిలోమీటర్ల పైచిలుకు కూర్చుని మూర్ మార్కెట్ స్టేషన్‌లో దిగుతాడు. అక్కడ రెండు దారులు. పక్కనే ఉన్న సెంట్రల్ స్టేషన్ కింది మెట్రోలోకి దిగితే నేరుగా టెర్మినల్ పక్కన తేలతాడు. డబ్బు మిగుల్చుకుందామనుకుంటే రోడ్డు దాటి పార్క్ స్టేషన్‌కు పోయి, తాంబరం బండి ఎక్కి, తిరుశూలంలో దిగుతాడు. ఇల్లు విడిచిన దగ్గర నుంచి ఒక్క కారు ఎక్కలేదు, ఏ ట్రాఫిక్‌నూ తిట్టుకోలేదు. తిరుశూలంలో అతనితోపాటు దిగినవాళ్ళలో చాలామంది మెడల్లో విమానాశ్రయం గుర్తింపు కార్డులు వేలాడుతుంటాయి. వాళ్ళు చేతులూపుకుంటూ సబ్‌వే మెట్లు దిగిపోతారు. అతను పాతిక కిలోల పెట్టెను ఒక్కో మెట్టూ దించుకుంటూ వాళ్ళ వెనకే వెళ్తాడు.